“ఇప్పుడు తను ఏమీ అనడం లేదు”

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాకు 33 ఏళ్లు. నాన్న కౌలు రైతు. ఆక్వాకల్చర్‌లో ఎమ్మెస్సీ చేసి, ఒక రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేరాను. ఇప్పుడు ఏరియా ఇన్‌చార్జిని. 60 మంది రైతుల చెరువులు నేనే చూస్తాను. పొద్దున్న 6కి బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రి 9. ఆదివారం కూడా సగం రోజు పనే. తెల్లవారుజామున ఫోన్లొస్తే లేచి వెళ్తాను. మొన్నొకసారి గట్టు మీద బండి నడుపుతుంటే కునుకు పట్టింది, ఏం కాలేదు. నా కింద పనిచేసే అమలాపురం వైపు కుర్రాడిని బాగా నమ్మాను. సంక్రాంతికి సెలవడిగితే రొయ్యల పట్టుబడుల టైములో కుదరదన్నాను. నెల తిరక్కుండా చెప్పాపెట్టకుండా మానేశాడు. ఇంట్లో మా ఆవిడ మొదట్లో గొడవపడేది. ఇప్పుడు తను ఏమీ అనడం లేదు, అర్థం చేసుకుంది. బాబుకి ఐదేళ్లు. ఇంకో నాలుగేళ్లు ఇలాగే లాగితే నెల్లూరులో రీజనల్ మేనేజర్ అవుతాను. అప్పుడు రెస్టు తీసుకుని అందరితోనూ గడుపుతాను. అంతవరకూ టెన్షన్ లేకుండా ఎలా నెట్టుకురావాలో చెప్పగలరు.

సమాధానం: బాబూ, మిగతావన్నీ తర్వాత. ముందు బండి సంగతి తేల్చుకుందాం.

“ఏం కాలేదు” అని రెండు ముక్కల్లో దాటేశారు. మన గట్టు రోడ్లు నాకూ తెలుసు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు, మలుపు తిరిగితే ఎదురుగా ఐసు వ్యాను. 17 గంటలు ఏకధాటిగా మేల్కొని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరీక్షలు చేసి చూసినవాళ్లు చెప్పారు. బండి నడిపేవాడికి మన చట్టం ఒప్పుకునేది 0.03 శాతం దాకానే. అంటే మీరు చుక్క ముట్టకుండానే తాగి నడుపుతున్నారు. రాత్రి ఫోన్లకి వెళ్లాలా వద్దా అన్నది కింద మాట్లాడతాను గానీ, నిద్ర లేకుండా బండెక్కడం మాత్రం ఈ రాత్రి నుంచే మానండి. అంత అవసరమైతే రైతునే వచ్చి ఎక్కించుకెళ్లమనండి. తన చెరువు కోసం తన బండి తీయని రైతుకి అంత అర్జెంటేమీ లేదన్నమాట.

ఇక మీ ఆశ గురించి. దాన్ని నేను తప్పుపట్టను. “ఉన్నదాంతో తృప్తిపడాలి నాయనా” అని చెప్పేవాళ్లు మన జిల్లాల్లో బోలెడంతమంది. వాళ్లలో చాలామందికి సొంత పొలమో, నెలనెలా పెన్షనో ఉంటుంది. కౌలు చేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో నాకు తెలుసు. తుఫానుకి చేను పడిపోయినా కౌలు బస్తాలు తగ్గవు. 2011 సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, కోనసీమ రైతులు గిట్టుబాటు కావట్లేదని పంట విరామం ప్రకటించి నాట్లు మానేసిన ఏడు, మీరు కాలేజీ కుర్రాడై ఉంటారు. పచ్చగా కనిపించే నేల మీద కూడా లెక్కలు తప్పుతాయని అప్పటికే మీకు అర్థమై ఉంటుంది. అలాంటి చోట నుంచి చదువుకుని, ఆ చదువుకి చేసిన అప్పులు తీర్చుకుంటూ పైకొచ్చినవాడికి పెద్ద పోస్టు మీద మనసు ఉండదా? మా ఇంట్లో ఆఫీసర్ అయిన మొదటి ఆడదాన్ని నేను. ప్రమోషన్ ఆర్డరు చేతికొచ్చిన రోజు ఇప్పటికీ తలుచుకుని సంతోషిస్తాను. కాబట్టి ఉద్యోగం తగ్గించుకుని ఇంట్లో కూర్చోమని నా నోటితో అనను.

నన్ను పట్టి ఆపిన వాక్యం వేరే ఉంది. “ఇప్పుడు తను ఏమీ అనడం లేదు, అర్థం చేసుకుంది.” మీరు దాన్ని శుభవార్తలా రాశారు.

బ్యాంకులో ఉండగా రొయ్యల చెరువులకి లోన్లు ఇచ్చేదాన్ని. అప్పుడంతా టైగర్ రొయ్యే. ఇప్పుడు పెంచే వనామీ రకం మనకి 2009 తర్వాత కదా వచ్చింది. తెల్లమచ్చ రోగం తగిలి చెరువులకి చెరువులే పోయిన రోజులవి. ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లినప్పుడు ఒక రైతు, రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీళ్లలో దించే చెక్ ట్రే పైకి లాగి చూపించాడు. అందులో వేసిన మేత వేసినట్టే ఉంది. నాకు తెలిసిందేముంది, “కడుపు నిండినట్టుంది” అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, “నిండటం కాదు అమ్మగారూ, ఒంట్లో బాగాలేక తినడం మానేసిందండి” అన్నాడు.

మీ వాక్యం చదివాక ఆ ట్రే గుర్తొచ్చింది. మీ ఆవిడ గురించి నాకేమీ తెలియదు. నిజంగానే అర్థం చేసుకుందేమో. కానీ ఆవిడ అర్థం చేసుకుందని మీకెలా తెలిసింది? అడిగారా? ఆవిడ చెప్పిందా? గొడవ ఆగింది కాబట్టి అలా అనుకున్నారా? గొడవపడే మనిషికి ఎదుటివాడు మారతాడన్న ఆశ ఇంకా ఉంటుంది. అందుకే నోరు నొప్పి పుట్టేలా చెప్తుంది. ఆశ పోయాక చెప్పడం దండగ అనిపిస్తుంది.

నా సంగతి చెప్తాను. ప్రమోషన్‌తో శ్రీకాకుళం జిల్లాకి వేశారు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. బడి మాన్పించడం ఎందుకని అమలాపురంలో మా అమ్మ దగ్గర వదిలాను. శనివారం సగం పూటకి బ్యాంకు మూస్తే రైలెక్కి రాజమండ్రి, అక్కణ్ణుంచి రావులపాలెం మీదుగా బస్సు. మా అమలాపురానికి రైలు లేదు కదా. ఆదివారం ఉండి రాత్రికి మళ్లీ బయల్దేరేదాన్ని. మొదట్లో బస్టాండులో ఏడ్చేది. తర్వాత ఏడుపు మానింది. పిల్ల సర్దుకుందని నేనూ ఊపిరి పీల్చుకున్నాను, అచ్చం మీలాగే.

రెండేళ్లయ్యాక ఒక ఆదివారం పొద్దున్న మా అమ్మ పూజలో ఉంటే పిల్లే కాఫీ కలిపింది. గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, “అమ్మా, నీకు పంచదార ఎంత?” అని అడిగింది. వాళ్ల అమ్మమ్మకి ఎంత వెయ్యాలో దానికి తెలుసు. పక్కింటి మామ్మగారికి అసలు వెయ్యకూడదనీ తెలుసు. గొంతులో నిష్ఠూరం లేదు, అలక లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు మర్యాదగా అడిగింది. అలిగి ఉంటే బాగుండేది, బతిమాలుకునేదాన్ని.

ఇప్పుడు మేమిద్దరం బాగానే ఉంటాం. పండక్కి వస్తుంది, చీర కొంటుంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. కానీ తనకేదైనా కష్టమొస్తే ముందు ఫోను వెళ్లేది వాళ్ల మేనమామకి. నాకు మర్నాడు తెలుస్తుంది. ప్రమోషన్ తీసుకున్నందుకు నేను బాధపడటం లేదు. మళ్లీ ఇచ్చినా తీసుకుంటాను. మూడేళ్ల తర్వాత వచ్చి, వదిలిన చోట నుంచే మొదలుపెట్టొచ్చు అనుకున్నాను చూశారా, అక్కడ దెబ్బతిన్నాను. ఇంట్లోవాళ్లు మన కోసం అక్కడే ఆగి ఉండరు. మన మీద కోపంతో ఎక్కడికో వెళ్లిపోతారనీ కాదు. మనం లేకుండా రోజు గడుపుకోవడం నేర్చేసుకుంటారు, అంతే. మీరు అడిగిన నాలుగేళ్లకి మీ బాబుకి తొమ్మిది వస్తాయి.

మీ అమలాపురం కుర్రాడి దగ్గరికొద్దాం. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి సెలవు ఇవ్వననడానికి మీకు గుండె ఎలా వచ్చిందండీ! అల్లుళ్లకి, కోళ్లకి కూడా పిలుపులొచ్చే పండగ. పైగా వాడు కోనసీమ వాడు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఎప్పుడైనా చూశారా? పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి రంగు బట్టలతో సింగారించిన ఎత్తైన వెదురు కట్టడాలు, వస్తాయి. గంగలకుర్రు వాళ్లయితే కౌశిక కాలువ నీళ్లలో దిగి, వరిచేలకి అడ్డంపడి ప్రభని భుజాల మీద మోసుకొస్తారు. వాడిది ఆ ఊరే అని కాదు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కనుమ నాడు ఒక భుజం తగ్గితే ఊరంతా అడుగుతుంది, “ఫలానావాడేడీ?” అని. వాళ్ల నాన్న ఏం చెప్పి ఉంటాడు? మా వాడి ఇన్‌చార్జి వదల్లేదండి అని.

“బాగా నమ్మాను” అన్నారు. నమ్మకం అంటే వాడు ఎప్పుడు పిలిచినా వస్తాడన్న ధీమాయేనా? తెల్లవారుజామున మీకొచ్చిన ఫోన్లలో సగం వాడికి తోసే ఉంటారని నా అనుమానం. తప్పయితే మన్నించండి. మీరు చేసే కష్టానికి పెద్ద పోస్టు ఆశ ఉంది. వాడికి ఏం కనిపించింది? మీలాగే నిద్ర లేకుండా ఇంకో పదేళ్లు. వాడు మీ ముందు నిలబడి చెప్పకపోవడం తప్పే, కాదనను. చెప్తే వినే టైము మీకుందని వాడికి అనిపించలేదేమో కూడా. ఒక్కసారి ఫోన్ చేయండి. మళ్లీ రమ్మని అడక్కండి, ఎందుకు మానేశావని నిలదీయకండి. పండక్కి పంపకపోవడం నాదే తప్పు అని చెప్పి పెట్టేయండి. అవతల నుంచి ఏ జవాబూ రాకపోయినా పర్లేదు. ఇవాళ వాడి స్థానంలో చేరిన ఇంకో కుర్రాడు మీ దగ్గర ఉండే ఉంటాడు కదా. ఆ ఫోన్ అసలు పనికొచ్చేది వాడికే.

ఇప్పుడు పని సంగతి. తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది, తెల్లవారేముందు చెరువులో తక్కువవుతుంది. ఇది రోజూ జరిగేదే. రోజూ జరిగేదాన్ని రోజూ ప్రమాదంలా చూస్తే ఏ మనిషీ నిలబడలేడు. వచ్చే నెల రోజులు మీ రాత్రి ఫోన్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, మీరు వెళ్లి ఏం చేశారు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిపోయింది, కరెంటు పోయి జనరేటర్ ఎక్కలేదు, రొయ్య గట్టు పక్కకొచ్చి తేలుతోంది, ఇవి ఒక లెక్క. “ఎందుకో భయమేస్తోందండి, ఒకసారి వచ్చి చూస్తారా” అన్నవి ఇంకో లెక్క. నా అంచనా రెండోవే ఎక్కువుంటాయి. ఆ రైతు భయాన్ని చులకన చేయను. ఎకరానికి అంత అప్పు పెట్టినవాడికి నిద్ర ఎలా పడుతుంది! అయితే వాడి భయానికి మందు మీరు పక్కనుండటం అయిపోయింది. సాయంత్రం మీటరు రీడింగ్ చూసి, ఎంతకి పడితే ఎన్ని ఏరియేటర్లు తిప్పాలో, ఇంకా పడితే ఏం చల్లాలో కాగితం మీద రాసి షెడ్డులో అంటించి రండి. పక్క ఏరియా ఇన్‌చార్జితో మాట్లాడుకుని ఒకరోజు ఆయన, ఒకరోజు మీరు రాత్రి ఫోన్లు చూసుకోండి. ఆయనా నిద్ర లేకుండానే ఉండి ఉంటాడు, ఒప్పుకుంటాడు.

మా బ్యాంకులో స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఏ ఒక్కరూ ఒంటిగా తెరవలేరు. సెలవు పెట్టేవాళ్లు రిజిస్టరులో సంతకం పెట్టి తమ తాళం చెవి ఇంకొకరికి అప్పగించి వెళ్లాలి. దొంగతనాల భయంతో పెట్టిన పద్ధతే అది. అయినా దాని వల్ల ఒక మేలు జరిగేది. నేను లేకపోతే బ్రాంచి నడవదు అని మురిసిపోయే వీలుండేది కాదు. మీ 60 మంది రైతుల చెరువుల చరిత్ర అంతా మీ బుర్రలో ఉంది. ఎవరి చెరువులో రొయ్యపిల్లలు ఎప్పుడు వేశారు, ఎవరు మేత ఎక్కువ వేస్తారు, ఎవరికి ఏ మాట చెప్తే వింటారు, ఇవన్నీ ఒక రిజిస్టరులోకి ఎక్కించి కొత్త కుర్రాడికి చూపించండి. రైతు ఎదురుగా “ఈ చెరువు సంగతి నాకంటే ఇతనికే బాగా తెలుసండి” అని ఒకసారి అనండి. మీ గొంతులోంచి ఆ మాట రావడం కొంచెం కష్టమే. నాకూ కష్టంగానే ఉండేది.

సెలవు అంటారా, దానికి మన కాలువలు కట్టేసే పద్ధతి చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ డెల్టా బతుకంతా ఆ నీళ్ల మీదే. అలాంటి కాలువల్నే దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక వేసవిలో కట్టేస్తారు. పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, లాకులు బాగుచేసుకుంటారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. హఠాత్తుగా ఒక రోజు పొద్దున్న లేచి కట్టెయ్యరు కదా. ఫలానా తేదీన కట్టేస్తాం అని ముందే చెప్తారు. ఊళ్లవాళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు. రైతులు చివరి తడి పెట్టుకుంటారు. మీరూ అలాగే తేదీ చెప్పండి. నెల ముందే ప్రతి రైతుకీ, పైవాళ్లకీ, “ఫలానా రోజు నుంచి ఐదు రోజులు నేను ఉండను, మీకేం కావాలో ముందే చూసుకుందాం” అని. తీరిక దొరికినప్పుడు సెలవు పెడదామంటే మీ ఉద్యోగంలో అది ఎప్పటికీ దొరకదు. వారానికి ఒక పూటకీ ఇదే పద్ధతి. ఆదివారం సగం రోజు పని అన్నారు, ఆ మిగతా సగంలో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో నేను అడగను.

ఆ పూట ఏం చేయాలని అడక్కండి. ఏమీ చేయకండి. మీ నాన్నగారి చేను గట్టు మీద కూర్చోండి. బాబుని నరసాపురం తీసుకెళ్లి, పంటు మీద సఖినేటిపల్లి రేవు దాకా వెళ్లి, అదే పంటు మీద తిరిగి రండి. ఐదేళ్ల పిల్లాడికి మనుషులూ మోటార్ సైకిళ్లూ కలిసి గోదారి దాటుతుంటే అంతకంటే విడ్డూరం ఉండదు. తొమ్మిదేళ్లకి అంత ఉండదు, బ్రిడ్జీ మీంచి వెళ్దాం అంటాడు.

బాగా విశ్రాంతి తీసుకుంటే బాగా పని చేస్తారు అని చాలామంది చెప్తుంటారు. నిజమే గానీ నాకు ఆ మాట నచ్చదు. గుల్ల విడిచే రోజుల్లో రొయ్యకి మేత తగ్గించమని మీరు రైతులకి చెప్తారు. అదంతా చివరికి దాన్ని పట్టి అమ్ముకోవడానికే. మర్నాడు నాలుగు బస్తాల మేత ఎక్కువ అమ్మడం కోసం మీరు పడుకోనక్కర్లేదు. ఊరికే పడుకోండి.

ఒక లెక్క మాత్రం చెప్పకుండా వదలను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా ఇది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలూ ఆపైనా చేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీరు రాసిన టైములు కాగితం మీద కూడితే వారానికి 90 గంటలు దాటాయి. రాత్రి ఫోన్లు కలపకుండానే. “ఇంకో నాలుగేళ్లు లాగితే” అన్నప్పుడు లాగే బండి ఏదో కూడా చూసుకోవాలి కదా.

ఇక నెల్లూరు. ఆ ఊరి పేరు నాకు రాశారు. మీ ఆవిడకి చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసు ఎక్కడా లేదు. చెప్పకపోతే ఈ వారంలోనే చెప్పండి. నిర్ణయం చేసేసుకుని చెప్పడం కాదు. “ఇలా ఒకటి రావచ్చు, వస్తే నువ్వేమంటావు” అని అడగండి. ఆవిడకి అక్కడ ఏముంటుంది, ఇక్కడ ఏం వదులుకోవాలి, పెద్దవాళ్లని ఎవరు చూస్తారు, బాబు బడి ఏం కావాలి. ఒక్క రాత్రిలో తేలదు. మొదటిసారి అడిగినప్పుడు “మీ ఇష్టం” అంటుంది. దాన్ని ఒప్పుకోలు అనుకుని సంతోషపడకండి. చెక్ ట్రే గుర్తుంచుకుని మళ్లీ రెండు రోజులాగి అడగండి. అరకు ట్రిప్పు, బంగారం గాజులు లాంటివి ముందు పెట్టకండి. ఇన్నాళ్లూ రాత్రి తొమ్మిది దాకా ఒంటరిగా ఏం చేశావని అడిగి, చెప్తుంటే మధ్యలో ఫోను చూడకుండా వినండి. అరవొచ్చు కూడా. అరిస్తే మంచిదే.

చివరగా ఒక మాట మీకు కాదు, మీ ఇంట్లో ఇది చదివే ఇంకొకరికి. అమ్మా, ఆయన ఉత్తరం చూసి నేను ఇంత రాశాను. నీ గురించి రాసిందాంట్లో సగం నా ఊహే. ఎక్కడ తప్పానో నీకే తెలుస్తుంది. రాయాలనిపిస్తే నువ్వూ ఒక ఉత్తరం రాయి. ఆయనకి చూపించి రాసినా సరే, చూపించకుండా రాసినా సరే.